నుదుటి మధ్యలో ఒకే కన్ను.. సైక్లోప్స్ రాక్షసుడు ఎక్కడి నుంచి వచ్చాడు? ఆ ఏనుగు పుర్రె కథలో నిజమెంత?

నుదుటి నడిమధ్యన గుండ్రటి కన్ను.. కొండలాంటి ఒళ్లు.. దొరికిన మనిషిని దొరికినట్టే నోట్లో వేసుకునే ఆకలి! గ్రీకు పురాణాల్లోని సైక్లోప్స్ పేరు చెబితే గుర్తొచ్చే బొమ్మ ఇదే. మరి ఈ ఒంటికన్ను రాక్షసుడి వెనుక ఉన్నది నిజంగా ఓ ఏనుగు పుర్రేనా? లేక గొర్రెల మందల్లో అరుదుగా పుట్టే వింత పిల్లలా? పండితులు, శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా వాదించుకుంటున్న ఈ చిక్కుముడి సంగతేంటో చూద్దాం.

రీల్స్‌లో, షార్ట్స్‌లో ఓ పుర్రె ఫొటో తరచూ కనిపిస్తుంటుంది. మ్యూజియం గాజు పెట్టెలో తెల్లటి పుర్రె.. నుదుటి మధ్యలో పెద్ద గుంత. "ఇదే సైక్లోప్స్ పుర్రె" అని కింద ఒక లైన్. కాస్త తెలిసినవాళ్లు పెట్టే వీడియో అయితే "ఇది ఏనుగు పుర్రె.. దీన్ని చూసే గ్రీకులు సైక్లోప్స్‌ను ఊహించారు" అని ఉంటుంది. మొదటి మాట పచ్చి అబద్ధం. రెండో మాట మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు. హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ 'ఒడిస్సీ' కథను సినిమాగా ఎంచుకున్నాక ఈ పాత చర్చ మళ్లీ తెరపైకి వచ్చింది.

అసలు కథ ఏంటంటే..

హోమర్ మహాకావ్యం 'ఒడిస్సీ' తొమ్మిదో భాగంలో వస్తుంది ఈ ఘట్టం. ట్రాయ్ యుద్ధం ముగించుకుని ఇంటికి బయల్దేరిన ఒడిస్సియస్, 12 మందిని వెంటేసుకుని ఓ గుహలోకి వెళ్తాడు. లోపల బుట్టల నిండా చీజ్, దొడ్ల నిండా గొర్రె పిల్లలు, మేక పిల్లలు. "దొరికింది పట్టుకుని పారిపోదాం" అంటారు మనుషులు. ఒడిస్సియస్ వినడు. ఇంటి యజమానిని చూడాలి, అతిథిగా కానుక తీసుకోవాలి అని పట్టుబడతాడు. ఆ పట్టుదలే కొంప ముంచింది.

సాయంత్రం మందతో తిరిగొచ్చిన పాలిఫీమస్ గుహ వాకిలికి ఓ బండరాయి అడ్డం పెడతాడు. 22 బండ్లు కట్టినా కదలని రాయి అంటాడు హోమర్. ఇద్దరు మనుషుల్ని నేలకేసి కొట్టి తినేస్తాడు. పొద్దున్నే మరో ఇద్దరు. సాయంత్రం ఇంకో ఇద్దరు. రాక్షసుడు నిద్రపోతున్నప్పుడు కత్తితో పొడిచేయొచ్చు కదా అనిపిస్తుంది. ఒడిస్సియస్‌కూ ఆ ఆలోచన వచ్చింది. కానీ వాడు చస్తే ఆ రాయి తీసేదెవరు? లోపలే సమాధి అవుతారు. అందుకే చంపకుండా, గుడ్డివాణ్ని చేయాలనుకున్నాడు.

వెంట తెచ్చిన చిక్కటి వైన్ మూడుసార్లు తాగించాడు. పేరేంటని అడిగితే 'ఔటిస్' అని చెప్పాడు. గ్రీకులో ఆ మాటకు 'ఎవరూ కాదు' అని అర్థం. రాక్షసుడు మత్తులో పడగానే, ముందే మొన చెక్కి ఉంచిన పచ్చి ఆలివ్ దుంగను నిప్పుల్లో కాల్చి, నలుగురి సాయంతో కంట్లో దించి గిర్రున తిప్పాడు. పాలిఫీమస్ కేకలకు చుట్టుపక్కల సైక్లోప్‌లు పరిగెత్తుకొచ్చి "ఎవరు నిన్ను చంపుతున్నది?" అని అడిగితే.. "నన్ను చంపుతున్నది ఎవరూ కాదు!" అని జవాబు. "ఎవరూ కాకపోతే మేమేం చేస్తాం, దేవుణ్ని మొక్కుకో" అని వాళ్లు వెళ్లిపోయారు. తెల్లారాక గొర్రెల్ని మేతకు వదులుతుంటే, పొట్టేళ్ల పొట్టల కింద వేలాడుతూ మిగిలినవాళ్లు బయటపడ్డారు. గుడ్డి రాక్షసుడు గొర్రెల వీపులు తడిమి చూశాడు గానీ, పొట్టల కింద చూడలేదు.

ఇక్కడో విచిత్రం ఉంది. పాలిఫీమస్‌కు ఒకే కన్ను ఉందని హోమర్ ఎక్కడా నేరుగా చెప్పడు! 'కన్ను' అని ఏకవచనంలో వాడుకుంటూ పోతాడంతే. వినేవాళ్లకు ఆ సంగతి ముందే తెలుసన్నట్టు ఉంటుంది కథనం. అంటే హోమర్ కంటే ముందే ఈ ఒంటికన్ను కథ జనం నోళ్లలో ఉండి ఉండాలి. మూలం వెతికేవాళ్లకు ఇది చాలా కీలకం.

ఒక్కడు కాదు.. మూడు రకాల సైక్లోప్‌లు!

హోమర్ సైక్లోప్స్ గొర్రెలు కాచుకునే మొరటువాడు. దాదాపు అదే కాలానికి చెందిన కవి హెసియడ్ చెప్పే సైక్లోప్‌లు పూర్తిగా వేరు. ఆయన 'థియోగొనీ' ప్రకారం వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు.. బ్రాంటెస్, స్టెరోపెస్, ఆర్గెస్. ఆకాశం, భూమిల బిడ్డలు. ఆ పేర్లకు ఉరుము, మెరుపు, వెలుగు అనే అర్థాలొస్తాయి. దేవతల రాజు జియస్‌కు పిడుగును తయారు చేసిచ్చింది వీళ్లే. నుదుటి మధ్య గుండ్రటి కన్ను ఉంది కాబట్టే ఆ పేరొచ్చిందని హెసియడే చెప్పాడు. గ్రీకులో 'కైక్లోస్' అంటే చక్రం, 'ఓప్స్' అంటే కన్ను. ఇంగ్లిష్ సైకిల్‌కూ ఈ రాక్షసుడికీ ఆ రకంగా చుట్టరికం ఉందన్నమాట!

మూడో రకం మేస్త్రీలు. గ్రీసులోని మైసీనే, టిరిన్స్ కోట గోడలు కట్టింది సైక్లోప్‌లేనని పాతకాలం గ్రీకులు నమ్మేవారు. క్రీ.శ. రెండో శతాబ్దంలో ఆ శిథిలాలు చూసిన యాత్రికుడు పాసేనియస్, వాటిలో అతి చిన్న రాయిని కూడా కంచరగాడిదల జత కదిలించలేదని రాశాడు. నిజానికి ఆ గోడలు క్రీ.పూ. 13వ శతాబ్దం చుట్టుపక్కల మనుషులు కట్టినవే. ఆ రాజ్యాలు కూలిపోయి, కట్టే పద్ధతి మరిచిపోయాక, 'ఇంత బండలు మనుషుల వల్ల అయ్యే పని కాదు' అనుకున్నారు తర్వాతి తరాలవాళ్లు. మన ఊళ్లలో పాత గుళ్ల గురించి "రాత్రికి రాత్రే దేవతలు కట్టారు" అని చెప్పుకోవడం లాంటిదే. సున్నం లేకుండా పెద్ద బండలు పేర్చి కట్టిన గోడల్ని పురావస్తు శాస్త్రవేత్తలు ఇప్పటికీ 'సైక్లోపియన్' గోడలనే అంటారు. ఈ రెండు చోట్లకూ 1999లో యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది.

కాపరి, కమ్మరి, మేస్త్రీ.. ముగ్గురికీ పేరు ఒకటే. ఏ ఒక్క మూలంతోనూ ముగ్గుర్నీ వివరించడం కష్టం. ఏనుగు పుర్రె వాదం బలహీనపడేది కూడా ఇక్కడే.

పుర్రె కథ మొదలైంది 1914లో

ఆస్ట్రియాకు చెందిన శిలాజ శాస్త్రవేత్త ఒథేనియో ఏబెల్ 1914లో ఓ ఆలోచనను ముందుకు తెచ్చాడు. మధ్యధరా సముద్రంలోని సిసిలీ దీవి గుహల్లో పాతకాలం ఏనుగుల ఎముకలు దొరుకుతాయి. ఏనుగు పుర్రెకు నడిమధ్యన ఓ పెద్ద రంధ్రం ఉంటుంది. అది కన్ను కాదు.. ముక్కు రంధ్రం, తొండం మొదలయ్యే చోటు. అసలు కంటి గుంతలు పక్కలకు ఉంటాయి. వాటి చుట్టూ ఎముక పూర్తిగా మూసుకుని ఉండదు కాబట్టి అవి కళ్లున్న చోట్లని చూడగానే తట్టదు. ఏనుగును జన్మలో చూడని నావికుడు గుహలో అలాంటి పుర్రెను చూస్తే ఏమనుకుంటాడు? మనిషి తల కంటే పెద్ద తల, మధ్యలో ఒకే కన్ను! ఇదీ ఏబెల్ వాదన.

మన దగ్గరైతే ఇది చెల్లదు. గుడి ఏనుగునో, ఊరేగింపు ఏనుగునో చూడని పిల్లలు తక్కువ. కానీ హోమర్ కాలం గ్రీకులకు ఏనుగు దంతం తెలుసు గానీ, ఏనుగు తెలియదు. దంతం సరుకుగా ఓడల్లో వచ్చేది. బతికున్న ఏనుగుల్ని గ్రీకు సైన్యం పెద్ద సంఖ్యలో ఎదుర్కొన్నది అలెగ్జాండర్ కాలంలోనే.. క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున పోరస్ (పురుషోత్తముడు) గజబలంతో తలపడినప్పుడు.

సిసిలీ ఏనుగుల సంగతి ఇంకా ఆసక్తికరం. సిరక్యూస్ దగ్గరి స్పినగల్లో గుహలో దొరికిన ఏనుగులు పెద్దయ్యాక కూడా భుజం దగ్గర సుమారు మీటరు ఎత్తే! అంటే ఓ పెద్ద మేకపోతు అంత. వీటి పూర్వీకులు మాత్రం సుమారు 4 మీటర్ల ఎత్తున్న భారీ ఏనుగులు. మరి ఎందుకిలా కుంచించుకుపోయాయి? దీవిలో మేత తక్కువ. పెద్ద ఒంటిని పోషించడం కష్టం. మరోపక్క పులులు, సింహాల్లాంటి వేటాడే జంతువుల భయం లేదు కాబట్టి పెద్ద ఒళ్లుతో పనీ లేదు. తరతరాలుగా చిన్నవే నిలదొక్కుకున్నాయి. మాల్టా, సైప్రస్, క్రీట్, టిలోస్ దీవుల్లోనూ ఇలాంటి పొట్టి ఏనుగుల ఎముకలు దొరికాయి. టిలోస్‌లోని ఖర్కాడియో గుహలో 1971లో బయటపడ్డవి వాటిలో ప్రముఖమైనవి. ఈ వాదమే నిజమైతే ఓ తమాషా ఉంది.. ప్రపంచంలోనే పేరుమోసిన భారీ రాక్షసుడు, ప్రపంచంలోనే అతి పొట్టి ఏనుగులోంచి పుట్టినట్టు!

పాతకాలం వాళ్లు శిలాజాలు చూసేవారా?

చూసేవారు. అందులో అనుమానం లేదు. రోమ్ చక్రవర్తి అగస్టస్ కాప్రీ దీవిలోని తన భవనంలో భారీ ఎముకల్ని సేకరించి పెట్టుకున్నాడని, జనం వాటిని 'రాక్షసుల ఎముకలు' అనేవారని చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. గ్రీసులో దేవతలకు, రాక్షసులకు యుద్ధం జరిగిందని చెప్పుకున్న ప్రాంతాల్లో ఒకటి మెగలోపోలిస్ పరిసరాలు. అక్కడ నేల తవ్వితే ఇప్పటికీ పాతకాలం భారీ ఏనుగుల ఎముకలు బయటపడుతుంటాయి. ఈ ఆధారాలన్నీ పోగేసి అమెరికా పరిశోధకురాలు ఆడ్రియెన్ మేయర్ 2000లో ఓ పుస్తకమే రాశారు. ప్రాచీనుల కథల వెనుక చాలాచోట్ల శిలాజాలున్నాయన్నది ఆమె వాదన.

14వ శతాబ్దంలో ఇటలీ రచయిత బొకాచియో కూడా ఓ సంగతి రాసిపెట్టాడు. సిసిలీలోని ట్రాపనీ దగ్గర ఇంటి పునాది తవ్వుతుంటే ఓ గుహ బయటపడిందట. లోపల కూర్చున్న భంగిమలో భారీ కాయం.. ముట్టుకోగానే పొడైపోయి, పెద్ద పెద్ద పళ్లు మాత్రం మిగిలాయట. తర్వాతి కాలంలో దాన్ని పాలిఫీమస్ కథతో ముడిపెట్టారు. 17వ శతాబ్దంలో అథనాసియస్ కిర్షర్ అనే పండితుడు తన పుస్తకంలో ఈ సిసిలీ రాక్షసుణ్ని మామూలు మనిషి పక్కన నిలబెట్టి బొమ్మ కూడా వేయించాడు. ఆ పళ్లు ఏనుగువే అయి ఉంటాయని ఇప్పుడు భావిస్తున్నారు.

కానీ జాగ్రత్తగా చూడండి. ఈ సంఘటన హోమర్ తర్వాత రెండు వేల ఏళ్లకు జరిగింది. కథ ముందే ఉంది, ఎముకలు తర్వాత దొరికాయి. ఎముకల్ని చూసి కథ పుట్టలేదు.. తెలిసిన కథను ఎముకలకు అతికించారు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. వీడియోల్లో కలిసిపోయేది సరిగ్గా ఇక్కడే. గ్రీకు తత్వవేత్త ఎంపెడోక్లీస్ సిసిలీ ఎముకల్ని సైక్లోప్‌లవిగా గుర్తించాడని కూడా తరచూ రాస్తుంటారు. ఆయన రచనల్లో మనదాకా వచ్చిన భాగాల్లో అలాంటి మాటే లేదు.

ఇంకా చిక్కులున్నాయి. ఏనుగు పుర్రెను చూసి సైక్లోప్స్‌ను ఊహించామని ప్రాచీన రచయిత ఒక్కరూ చెప్పలేదు. హోమర్ తన సైక్లోప్‌లు సిసిలీలో ఉంటారని కూడా అనలేదు. ఆ ముడి తర్వాతివాళ్లు వేసింది. క్రీ.పూ. ఐదో శతాబ్దపు చరిత్రకారుడు థుసిడైడిస్ కూడా సిసిలీలో తొలుత సైక్లోప్‌లు ఉండేవారని జనం చెప్పుకునే మాటను ప్రస్తావించి, వాళ్లెవరో, ఎటుపోయారో తాను చెప్పలేనని ఊరుకున్నాడు. పైగా ఏనుగు పుర్రె లోపల గాలి గదులుంటాయి. బరువు తక్కువ, పెళుసు ఎక్కువ. గుహల్లో చెక్కుచెదరని పుర్రె దొరకడం అరుదు. మ్యూజియంలో కనిపించే నున్నటి పుర్రెలు నిపుణులు ముక్కలు అతికించి నిలబెట్టినవే ఎక్కువ. మరి దంతాల సంగతేంటి? సైక్లోప్స్‌కు కోరలున్నాయని ఎవరూ చెప్పలేదే! స్పినగల్లో ఆడ ఏనుగులకు దంతాలు ఉండేవి కావు కాబట్టి ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు దొరుకుతుంది.

కాకసస్ నుంచి స్పెయిన్ దాకా అదే కథ!

పుర్రె వాదానికి అసలు గండి కొట్టింది జానపద కథలు సేకరించే పరిశోధకులు. గొర్రెలు కాచే ఒంటికన్ను రాక్షసుడు, గుహలో ఇరుక్కున్న మనుషులు, కంట్లో పొడవడం, గొర్రెల సాయంతో తప్పించుకోవడం.. ఈ కథ గ్రీసులోనే కాదు, ఎక్కడెక్కడో ఉంది. తుర్కిక్ ప్రజల 'దెదె కోర్కుత్' కథల్లో ఈ రాక్షసుడి పేరు తెపెగోజ్, అంటే నడినెత్తి కన్ను. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల్లోని బాస్క్ జనం కథల్లో టార్టలో. కాకసస్ కొండల్లోనూ ఇదే కథ. అరేబియన్ నైట్స్‌లో సింద్‌బాద్ మూడో ప్రయాణంలోనూ రాక్షసుణ్ని గుడ్డివాణ్ని చేసే ఘట్టం ఉంది. 1857లో విల్‌హెల్మ్ గ్రిమ్ ఈ కథలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. 1904లో ఫిన్లాండ్ పండితుడు ఆస్కార్ హాక్‌మన్ ఏకంగా 221 రూపాలను పోగేశాడు.

ఇవన్నీ హోమర్‌ను విని చెప్పుకున్నవేనా? అలా అనిపించదు. ఎందుకంటే హోమర్‌లో లేని ముక్కలు వీటిలో ఉన్నాయి. చాలా కథల్లో తప్పించుకున్న కుర్రాడికి రాక్షసుడు ఓ ఉంగరం విసురుతాడు. వేలికి తొడిగితే అది "ఇక్కడున్నా, ఇక్కడున్నా" అని అరుస్తుంది. ఆ గొంతు విని రాక్షసుడు వెంటపడతాడు. ఉంగరం ఊడిరాదు. చివరికి కుర్రాడు వేలే నరుక్కుంటాడు. 'ఒడిస్సీ'లో ఈ ఉంగరం లేదు. కానీ ఆ పని చేసే ఘట్టం మాత్రం ఉంది! ఓడ ఎక్కి సురక్షితంగా బయటపడ్డాక ఒడిస్సియస్ నోరు కట్టుకోలేక తన అసలు పేరు, ఊరు, తండ్రి పేరు అరిచి మరీ చెబుతాడు. ఆ గొంతు వచ్చిన వైపే పాలిఫీమస్ కొండ చరియ విసురుతాడు. తండ్రి అయిన సముద్ర దేవుడు పొసైడన్‌కు పేరు పెట్టి మొరపెట్టుకుంటాడు. అక్కడి నుంచే ఒడిస్సియస్ కష్టాలు ముదురుతాయి. మంత్రపు ఉంగరాన్ని పక్కనపెట్టి మనిషి గర్వాన్నే ఉంగరంగా మార్చిన ఈ తెలివి హోమర్‌దే కావచ్చని పండితులు అంటారు.

ఫ్రాన్స్ పరిశోధకుడు జూలియన్ ద్యుయ్ 2013లో ఇంకో అడుగు ముందుకేశాడు. జీవశాస్త్రవేత్తలు జాతుల వంశవృక్షం గీసినట్టే, కంప్యూటర్ సాయంతో ఈ కథ రూపాలకు వంశవృక్షం గీశాడు. కథ మూలం రాతియుగం నాటిదని ఆయన వాదన. గొర్రెల స్థానంలో మొదట అడవి జంతువులు ఉండేవట.. వాటిని గుహలో దాచిపెట్టుకున్న ఓ 'జంతువుల యజమాని' కథ ఇదట! అంత వెనక్కి వెళ్లడం అందరూ ఒప్పుకునేది కాదు. అయినా ఒక్క విషయం మాత్రం బలంగా నిలుస్తుంది. పొట్టి ఏనుగుల ఎముకలు లేని చోట కూడా ఒంటికన్ను రాక్షసుడు ఉన్నాడు.

మన రామాయణంలోనూ తల లేని కబంధుడికి ఛాతీ మీద ఒకే కన్ను. అశోకవనంలో సీతమ్మకు కాపలా ఉన్న రాక్షస స్త్రీలలోనూ ఒంటికన్నువాళ్లు కనిపిస్తారు. వీటికి గ్రీకు కథతో చుట్టరికం ఉందని చెప్పే ఆధారం లేదు. అయితే గ్రీకులే భారత్‌లో ఒంటికన్ను మనుషుల్ని 'చూశారు'! చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన మెగస్తనీస్, నుదుటి మధ్య కన్ను, కుక్క చెవులు ఉన్న జనం గురించి రాశాడని స్ట్రాబో చెబుతూ, ఆ రాతల్ని నమ్మలేమని కొట్టిపారేశాడు.

ఐడహో గొర్రెలు.. క్యాన్సర్ మందు

ఇంకో వాదం వైద్యం వైపు నుంచి వస్తుంది. మనుషుల్లో, జంతువుల్లో చాలా అరుదుగా మెదడు రెండు భాగాలుగా విడిపోక, ముఖం మధ్యలో ఒకే కన్ను ఏర్పడుతుంది. ఈ స్థితికి వైద్యులు పెట్టిన పేరే 'సైక్లోపియా'. అలాంటి బిడ్డలు బతకడం సాధ్యం కాదు.

1950ల్లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో గొర్రెల పెంపకందార్లకు పెద్ద కష్టం వచ్చిపడింది. మందల్లో ఒంటికన్నుతో పిల్లలు పుడుతున్నాయి. ఏ శాపమో, ఏ రోగమో అంతు చిక్కలేదు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి మందల వెంట తిరిగితే అసలు దొంగ దొరికింది.. కొండ పచ్చికలో పెరిగే కార్న్ లిల్లీ అనే మొక్క. చూడి గొర్రె కట్టిన 14వ రోజున ఆ మొక్క మేస్తే పిల్లకు ఒకే కన్ను. వేరే రోజుల్లో మేస్తే ఆ లోపం రాదు. మేత మార్చి, ఆ రోజుల్లో మందను ఆ పచ్చికకు దూరంగా ఉంచితే సమస్య పోయింది.

ఆ మొక్కలోని విషానికి రాక్షసుడి పేరే పెట్టారు.. సైక్లోపమైన్. అది పిండంలో ముఖాన్ని రెండు భాగాలుగా తీర్చిదిద్దే 'హెడ్జ్‌హాగ్' అనే సంకేత వ్యవస్థను అడ్డుకుంటుందని 1990ల్లో తేలింది. అదే వ్యవస్థ అదుపు తప్పితే కొన్ని రకాల చర్మ క్యాన్సర్లు వస్తాయి. అంటే దాన్ని అడ్డుకునే మందు ఉంటే క్యాన్సర్‌నూ ఆపొచ్చు! ఆ దారిలో తయారైన విస్మోడెగిబ్ అనే మందుకు 2012లో అమెరికా అనుమతి లభించింది. గర్భిణులు దాన్ని అస్సలు తీసుకోకూడదన్న గట్టి హెచ్చరిక ఎందుకుందో ఆ గొర్రెల కథ వింటే అర్థమవుతుంది.

మరి గ్రీకు కాపరులు కూడా ఇలాంటి గొర్రె పిల్లల్ని చూసి ఉంటారా? చూసే అవకాశం లేకపోలేదు. కార్న్ లిల్లీకి దగ్గరి జాతి మొక్క యూరప్ కొండల్లోనూ పెరుగుతుంది. పాలిఫీమస్ గొర్రెల కాపరే కావడం ఈ వాదానికి అందంగా అతుకుతుంది. కానీ పుట్టగానే కన్నుమూసే ఓ చిన్న ప్రాణి, బండలు విసిరే రాక్షసుడిగా ఎలా మారిందన్న ప్రశ్నకు జవాబు లేదు.

హెసియడ్ చెప్పిన కమ్మరి సైక్లోప్‌ల విషయంలో ఇంకో ఊహ ఉంది. కొలిమి నిప్పురవ్వల నుంచి కాపాడుకోవడానికి కమ్మరులు ఒక కంటికి గుడ్డ కట్టుకునేవారని కొందరు, నుదుటిపై చక్రం పచ్చబొట్టు పొడిపించుకునేవారని రచయిత రాబర్ట్ గ్రేవ్స్ అన్నారు. వినడానికి బాగుంటుంది, ఆధారమే లేదు. ఎట్నా అగ్నిపర్వతం కింద సైక్లోప్‌ల కొలిమి ఉందని రోమన్ కవులు చెప్పిన మాట మాత్రం ఆ చుట్టుపక్కల ఇప్పటికీ వినిపిస్తుంది. ఎట్నా పాదాల దగ్గరి అచి ట్రెజా ఊళ్లో సముద్రంలో నిలువుగా నిలబడ్డ నల్లరాతి గుట్టల్ని చూపించి, పాలిఫీమస్ విసిరిన బండలు ఇవేనంటారు స్థానికులు. అవి లక్షల ఏళ్ల నాటి లావా గడ్డకట్టి ఏర్పడ్డవి.

ఈ కథకు మిగిలిన తొలినాటి బొమ్మల్లో ఒకటి ఏథెన్స్ దగ్గరి ఎలుసిస్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 7వ శతాబ్దం నాటి పెద్ద మట్టి జాడీ అది.. ఎత్తు 1.42 మీటర్లు. దాని మెడ మీద రాక్షసుడు చేతిలో వైన్ గిన్నెతో కూర్చుని ఉంటాడు. ముగ్గురు మనుషులు పొడవాటి కర్రను అతని కంట్లోకి దించుతుంటారు. ఆ జాడీని చివరికి ఓ పిల్లాడి శవాన్ని పాతిపెట్టడానికి వాడారు. చిత్రకారుడు పాలిఫీమస్‌ను పక్క నుంచి కనిపించేలా గీశాడు. ఒకే కన్ను కనిపిస్తుంది.. అవతలి వైపు ఇంకోటి ఉందో లేదో ఆ బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు.